‘జతపరచిన పత్రం చూడండి’: వైద్యుల బయోడేటా పరిశీలనపై ఒక విమర్శ

8.1 పరిచయం

గత పాఠంలో మీరు ఉద్యోగ విశ్లేషణ, ఉద్యోగ వివరణ గురించి చదివారు. ఒక పోస్టుకు ఏ అర్హతలు కావాలో నిర్ణయించుకున్న తర్వాత వచ్చే దశ దరఖాస్తుల పరిశీలన. మన కార్యాలయాల భాషలో స్క్రూటినీ. మానవ వనరుల నిర్వహణపై వచ్చిన పాఠ్యగ్రంథాలు చాలావరకు ఈ దశను రెండు మూడు పేరాల్లో ముగిస్తాయి. అర్హత ఉందా, అనుభవం ఉందా, వయసు సరిపోతుందా అని చూసి ముందుకు సాగమంటాయి. అమ్మకాల ప్రతినిధి పోస్టుకు అంతమాత్రం చాలవచ్చు. వైద్యుల పోస్టుకు ఎందుకు చాలదో ఈ పాఠంలో ఒక కేసును వివరంగా తీసుకొని పరిశీలిద్దాం. ఆ తర్వాత మన రెండు రాష్ట్రాల్లో అమల్లో ఉన్న మార్కుల పద్ధతిని అదే దృష్టితో చూద్దాం. సీవీ, రెజ్యూమె, బయోడేటా అనే మాటలకు పుస్తకాలు చిన్న చిన్న తేడాలు చెబుతాయి. మన చర్చకు వాటితో పనిలేదు కాబట్టి అందరికీ తెలిసిన ‘బయోడేటా’ అనే మాటనే వాడుతున్నాం.

మీలో కొందరు ఆసుపత్రి కార్యాలయంలోనో, జిల్లా వైద్య ఆరోగ్యశాఖ కార్యాలయంలోనో, ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లోనో పనిచేస్తూ ఈ కోర్సు చదువుతూ ఉండవచ్చు. “డాక్టర్లను ఎంపిక చేసేది మేమా? సూపరింటెండెంట్ గారు, ఇంటర్వ్యూ బోర్డు చూసుకుంటారు” అని మీకు అనిపించవచ్చు. ఈ అభిప్రాయాన్ని ఈ పాఠం అంగీకరించదు. మనం చూడబోయే కేసులో అన్నిటికన్నా ముఖ్యమైన కాగితాన్ని సరిచూడవలసింది పేరున్న సర్జన్ కాదు, ఫైలులో ఎన్‌క్లోజర్లు లెక్కపెట్టే ఉద్యోగి.

8.2 బుండాబర్గ్ ఫైలు

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో బుండాబర్గ్ అనే పట్టణం ఉంది. చెరకు పంటకూ రమ్ తయారీకీ పేరున్న ఊరు. ఇలాంటి ఊళ్లలో ప్రభుత్వ ఆసుపత్రికి సర్జన్ దొరకడం కష్టం. పాడేరుకో, ఉట్నూరుకో స్పెషలిస్టు డాక్టర్ కావాలని ప్రకటన ఇచ్చి ఎదురుచూసిన కార్యాలయాలకు ఈ బాధ ఏమిటో విడమరచి చెప్పనక్కరలేదు. 2003లో బుండాబర్గ్ బేస్ ఆసుపత్రికి ఒక నియామక సంస్థ ద్వారా అమెరికాలో ఏళ్ల తరబడి పనిచేసిన సర్జన్ ఒకరు దొరికారు. ఆయన పేరు జయంత్ పటేల్. గుజరాత్‌లోని జామ్‌నగర్‌లో వైద్యవిద్య చదివి, అమెరికా వెళ్లి, న్యూయార్క్ రాష్ట్రంలో శస్త్రచికిత్సలో శిక్షణ పొంది, ఆ తర్వాత ఓరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో ఒక పెద్ద ఆరోగ్య సంస్థలో దశాబ్దానికి పైగా పనిచేశారు.

కాగితం మీద ఇది మంచి బయోడేటా. డిగ్రీ నిజం. శిక్షణ నిజం. పోర్ట్‌లాండ్ ఉద్యోగం నిజం. పాత సహోద్యోగులు ఇచ్చిన సిఫారసు లేఖలు మెచ్చుకోలుతో నిండి ఉన్నాయి. నకిలీ డిగ్రీ కోసం వెతికే కళ్లకు ఇందులో ఏదీ చిక్కదు. ఈ సంగతిని గుర్తుంచుకోండి. వైద్యుల బయోడేటా మోసం అనగానే మనకు దొంగ సర్టిఫికెట్, ఆర్.ఎం.పి. పేరుతో ఆపరేషన్లు చేసేవారు, పత్రికల్లో వచ్చే ‘శంకర్‌దాదా’ శీర్షికలు గుర్తుకొస్తాయి. బుండాబర్గ్ ఫైలు ఆ కోవలోది కాదు.

ఆ ఫైలులో లేనివి ఇవి. 1984లో, ఆపరేషన్‌కు ముందు రోగులను సరిగా పరీక్షించలేదన్న కారణంగా న్యూయార్క్ ఆరోగ్య అధికారులు ఆయనకు జరిమానా విధించి పర్యవేక్షణలో పెట్టారు. 1998లో పోర్ట్‌లాండ్‌లో ఆయన పనిచేస్తున్న సంస్థే ఆయన చేసిన ఆపరేషన్లను సమీక్షించి, కొన్ని రకాల ఆపరేషన్లు చేయకూడదని ఆంక్ష పెట్టింది. 2000లో ఓరెగాన్ వైద్య మండలి ఆ ఆంక్షలను ఆయన లైసెన్సుకే వర్తింపజేసింది. కాలేయం, క్లోమం ఆపరేషన్లు ఆ నిషేధంలో ఉన్నాయి. క్లిష్టమైన కేసుల్లో మరో సర్జన్ అభిప్రాయం తప్పనిసరి అయింది. 2001లో ఆయన న్యూయార్క్ లైసెన్సును వదులుకోవలసి వచ్చింది. అదే ఏడాది పోర్ట్‌లాండ్ ఉద్యోగం కూడా ముగిసింది.

క్వీన్స్‌లాండ్ వైద్య మండలిలో రిజిస్ట్రేషన్ కోసం నింపే దరఖాస్తులో ఒక ప్రశ్న ఉంది. వేరే దేశంలో మీ రిజిస్ట్రేషన్‌పై ఎప్పుడైనా షరతులు, సస్పెన్షన్, రద్దు వంటివి ఉన్నాయా అని. ఆయన లేదని జవాబిచ్చారు. దానితోపాటు ఓరెగాన్ మండలి ఇచ్చిన లైసెన్సు ధ్రువపత్రం జతచేశారు. ఆ ధ్రువపత్రం దొంగది కాదు. లైసెన్సుకు సంబంధించి బహిరంగ ఉత్తర్వు ఒకటి ఉందనీ, జతపరచిన పత్రం చూడమనీ అందులో రాసి ఉంది. ఆ జతపరచిన పత్రం మాత్రం ఫైలులో లేదు.

ఇక్కడ పుస్తకం కాసేపు పక్కన పెట్టి మీ కార్యాలయాన్ని తలచుకోండి. ‘జత: 3’ అని రాసి రెండే పెట్టిన దరఖాస్తును మీరు ఎన్నిసార్లు వెనక్కి పంపి ఉంటారు? కుల ధ్రువీకరణ పత్రం లేకపోతే, నేటివిటీ సర్టిఫికెట్ మీద తహసీల్దార్ ముద్ర కనిపించకపోతే ఫైలు కదలదు. ఏ వైద్య పరిజ్ఞానమూ అక్కరలేని ఆ మామూలు పని ఆ రోజు క్వీన్స్‌లాండ్‌లో జరగలేదు. జరిగి ఉంటే ఓరెగాన్ మండలికి ఒక ఉత్తరం వెళ్లేది. జవాబు వచ్చేది.

8.3 ఒకరు చదివారని మరొకరు

ఆ ఫైలును ఎవరూ చదవలేదు అనడం న్యాయం కాదు. చాలామంది చదివారు. నియామక సంస్థ బయోడేటా చూసింది, సిఫారసు చేసినవారితో మాట్లాడింది. వైద్య మండలి దరఖాస్తు చూసింది. ఆసుపత్రి యాజమాన్యం ఈ రెండింటినీ చూసి ఉద్యోగం ఇచ్చింది. విమర్శకు అసలు తావు ఇక్కడే ఉంది. నియామక సంస్థ అభ్యర్థిని చూపించడంతో తన పని అయిందనుకుంది. లైసెన్సు విషయం మండలి తేలుస్తుంది కదా! నియామకం ఎలాగూ ఆసుపత్రి బాధ్యత, అక్కడ సర్జన్లు చూస్తారు అన్నది మండలి ధీమా. మండలి రిజిస్ట్రేషన్ ఇచ్చింది కాబట్టి అంతా సరిగా ఉందని ఆసుపత్రి నమ్మింది. ముగ్గురు చదివిన కాగితం మీద మూడు సంతకాలు ఉంటాయి. చివరి సంతకం చేసేవారికి మొదటి రెండు సంతకాలే సాక్ష్యంగా కనిపిస్తాయి.

మరో మలుపు కూడా చూడండి. ఆయన దరఖాస్తు చేసింది, రిజిస్ట్రేషన్ పొందింది సీనియర్ మెడికల్ ఆఫీసర్ పోస్టుకు. వైద్యుల కొరత ఉన్న ప్రాంతాలకు ఉద్దేశించిన ప్రత్యేక రిజిస్ట్రేషన్ అది. ఆయన స్పెషలిస్టు సర్జన్‌గా అక్కడ నమోదు కాలేదు. చేరిన కొద్ది కాలానికే ఆయనను శస్త్రచికిత్స విభాగం డైరెక్టర్‌ను చేశారు. ఏ ఆపరేషన్లు చేయడానికి ఈ డాక్టరుకు సామర్థ్యం ఉంది, ఈ ఆసుపత్రికి ఆ వసతులు ఉన్నాయా అని తేల్చే కమిటీ పరిశీలన విధానం ప్రకారం జరగాలి. అది జరగలేదు. అంటే ఒక పోస్టు కోసం చదివిన బయోడేటాతో మరో పెద్ద పోస్టు ఇచ్చారు. గత పాఠంలో ఉద్యోగ వివరణ గురించి చదివినప్పుడు అది పరీక్ష కోసం బట్టీపట్టే విషయంగా అనిపించి ఉంటే, ఈ కేసు దగ్గర పెట్టుకొని దాన్ని మరోసారి చదవండి. వివరణ మారితే పరిశీలన మళ్లీ మొదలుకావాలి.

ఆసుపత్రిలో ఐ.సి.యు. బాధ్యత చూసే నర్సు టోనీ హాఫ్‌మన్, ఆపరేషన్ల తర్వాత రోగుల పరిస్థితి చూసి పై అధికారులకు పదేపదే ఫిర్యాదు చేశారు. ఫలితం లేకపోయింది. 2005 మార్చిలో ఆ ప్రాంత శాసనసభ్యుడు ఒకరు ఈ విషయాన్ని చట్టసభలో లేవనెత్తారు. ఆ తర్వాత హెడ్లీ థామస్ అనే పత్రికా విలేకరి గూగుల్‌లో ఆయన పేరు వెతికారు. ఓరెగాన్, న్యూయార్క్ చర్యలు బయటపడ్డాయి. మండలి ఫైలులో లేని పత్రం ఇంటర్నెట్‌లో అందరికీ అందుబాటులోనే ఉంది!

తర్వాతి చరిత్ర కూడా తెలుసుకోవాలి, ఎందుకంటే దీన్ని చాలామంది సగమే చెబుతారు. విచారణ సంఘం 2005లోనే నివేదిక ఇచ్చింది. 2010లో ముగ్గురు రోగుల మరణాలకు సంబంధించి ఆయనను దోషిగా నిర్ధారించి ఏడేళ్ల జైలుశిక్ష విధించారు. 2012లో ఆస్ట్రేలియా హైకోర్టు, అంటే ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానం, విచారణ సాగిన తీరులో లోపాల కారణంగా ఆ తీర్పును కొట్టివేసి పునర్విచారణకు ఆదేశించింది. పునర్విచారణల్లో ఒక మరణం కేసులో ఆయన నిర్దోషి అయ్యారు. 2013 నవంబరులో ఆయన మోసం అభియోగాలను అంగీకరించగా మిగిలిన అభియోగాలను ప్రభుత్వం వదిలేసింది. అంగీకరించిన ఆ మోసం దేని గురించి? రిజిస్ట్రేషన్, ఉద్యోగం అబద్ధపు వివరాలతో సంపాదించడం గురించి. ఏళ్ల తరబడి సాగిన న్యాయపోరాటం చివర కోర్టులో నిలిచింది మనం ఈ పాఠంలో చర్చిస్తున్న కాగితాలే.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. బుండాబర్గ్ కేసులో బయోడేటాలోని ఏయే అంశాలు నిజమైనవి? వాటిని నిజమని నిర్ధారించుకున్నంత మాత్రాన పరిశీలన ఎందుకు పూర్తికాదు?
2. నియామక సంస్థ, వైద్య మండలి, ఆసుపత్రి – ఈ మూడింటిలో ఎవరి వైఫల్యం ఎక్కువ అని మీరు భావిస్తారు? కారణం రాయండి.

8.4 మూలం దగ్గర అడగడం

ఈ కేసు గుర్తుచేసే పద్ధతి పేరు మూలాధార పరిశీలన. అభ్యర్థి చూపించిన కాగితాన్ని కాకుండా, ఆ కాగితం ఇచ్చిన సంస్థను నేరుగా అడగడం. ఆస్ట్రేలియాలో రాష్ట్రానికొక మండలి ఉండే పద్ధతి పోయి, 2010 జూలై 1 నుంచి జాతీయ రిజిస్ట్రేషన్ విధానం వచ్చింది. ఇప్పుడు అక్కడ డాక్టర్లు బయోడేటాను నిర్ణీత నమూనాలో ఇవ్వాలి. చదువు పూర్తయినప్పటి నుంచి పనిచేయని కాలాలు ఏవైనా ఉంటే కారణం రాయాలి. వివరాలన్నీ నిజమని సంతకం చేయాలి.

మన తెలుగు డాక్టర్లు బ్రిటన్ వెళ్లేటప్పుడు ఎదుర్కొనే ‘గుడ్ స్టాండింగ్’ ధ్రువపత్రం కూడా ఇలాంటిదే. గత ఐదేళ్లలో ఎక్కడెక్కడ ప్రాక్టీసు చేశారో అక్కడి మండలుల నుంచి, తమ మీద క్రమశిక్షణ చర్యలు లేవని అక్కడి జనరల్ మెడికల్ కౌన్సిల్ పత్రం అడుగుతుంది. ఆ పత్రం మూడు నెలలకు మించి పాతది కాకూడదు. ఇళ్లల్లో దీన్ని ఒక పెద్ద తలనొప్పిగా చెప్పుకొంటారు. తలనొప్పే, అందులో సందేహం లేదు. అయితే ఆ తలనొప్పికి చరిత్ర ఉంది.

ఆ చరిత్రలో బ్రిటన్‌కు కూడా సొంత అధ్యాయం ఉంది. జోలియా అలెమీ అనే మహిళ న్యూజీలాండ్‌లోని ఆక్లాండ్ విశ్వవిద్యాలయం పేరిట నకిలీ డిగ్రీతో 1995లో బ్రిటన్‌లో డాక్టరుగా నమోదై, సుమారు ఇరవై ఏళ్లు మానసిక వైద్యురాలిగా పనిచేశారు. ఒక వృద్ధ రోగి వీలునామాకు సంబంధించిన మోసం కేసులో 2018లో శిక్ష పడిన తర్వాత, ఒక స్థానిక విలేకరి ఆరా తీస్తే డిగ్రీ సంగతి బయటపడింది. 2023లో నకిలీ డిగ్రీ కేసులో ఆమెకు ఏడేళ్ల జైలుశిక్ష పడింది. అదే మార్గంలో నమోదైన దాదాపు 3,000 మంది రికార్డులను కౌన్సిల్ మళ్లీ పరిశీలించవలసి వచ్చింది. ఆ ఇరవై ఏళ్లలో ఆమెకు ఉద్యోగం ఇచ్చిన ఆసుపత్రులు రిజిస్టరు చూడలేదనుకోవడానికి వీల్లేదు. రిజిస్టరులో ఆమె పేరు ఉంది. రిజిస్టరు అనేది కూడా ఒకప్పుడు ఎవరో ఒకరు కాగితం చదివి, పేరు ఎక్కించి తయారుచేసిందే.

మన దేశంలో డాక్టరు పేరు మొదట రాష్ట్ర వైద్య మండలిలో నమోదవుతుంది. 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం దేశమంతటికీ ఒకే రిజిస్టరు ఉండాలంది. 2024 ఆగస్టులో దాని పోర్టల్ మొదలైంది. మీరు చేయగలిగిన పని ఏమిటంటే, అభ్యర్థి ఇచ్చిన రిజిస్ట్రేషన్ సంఖ్యను మండలి వెబ్‌సైట్‌లో కొట్టి, పేరు, తండ్రి పేరు, కళాశాల, ఉత్తీర్ణత సంవత్సరం సరిపోలాయా అని చూడడం. ఎం.డి., ఎం.ఎస్. వంటి పీజీ డిగ్రీలు అదనపు అర్హతగా విడిగా నమోదవుతాయి. ఎం.బి.బి.ఎస్. సంఖ్య సరిపోయింది కదా అని ఎం.ఎస్. కూడా సరిపోయిందనుకోవద్దు. వేరే రాష్ట్రంలో పనిచేసి వచ్చినవారైతే ఆ రాష్ట్ర మండలిని కూడా అడగాలి. అభ్యర్థి తెచ్చిన జిరాక్సుపై గెజిటెడ్ అధికారి పచ్చ సిరా సంతకం ఉండవచ్చు. ఆ సంతకం నకలు అసలుతో సరిపోయిందని చెబుతుందేగాని, అసలు సంగతి చెప్పదు.

8.5 ఖాళీలు, అక్షరాలు, అంకెలు

బయోడేటా చదివేటప్పుడు తేదీలను ఒక కాగితం మీద వరుసగా వేసుకోండి. చాలామంది ఉద్యోగాలను సంవత్సరాల్లోనే రాస్తారు. ‘2019–2021’, ‘2022–2024’ అని. మొదటిది 2021 జనవరిలో ముగిసి, రెండోది 2022 డిసెంబరులో మొదలై ఉంటే మధ్యలో దాదాపు రెండేళ్లు కనబడకుండా పోతాయి. అందుకే నెలలు అడగాలి.

అయితే ఖాళీ కనిపించగానే అనుమానించడం కూడా అన్యాయమే. మన దగ్గర ఇంటర్న్‌షిప్ ముగిశాక పీజీ ఎంట్రెన్స్ కోసం ఏడాది, రెండేళ్లు కోచింగ్‌లో గడపడం సర్వసాధారణం. దాన్ని ‘ఖాళీ’ అనడమే తప్పు. ఆడపిల్లలకు కాన్పు, పిల్లల పెంపకం, భర్త బదిలీ, ఇంట్లో పెద్దవారి అనారోగ్యం వల్ల వచ్చే విరామాలు ఉంటాయి. “మధ్యలో ఏం చేశారమ్మా?” అని ఆడవారినే నిలదీసి, మగవారి ఖాళీని చూసీచూడనట్టు వదిలేసే ఇంటర్వ్యూ బోర్డులు లేకపోలేదు. ప్రశ్న అందరికీ ఒకటే ఉండాలి, రాతపూర్వకంగా ఉండాలి. జవాబు ఎంత మామూలుగా ఉన్నా ఫరవాలేదు. తేదీలు ఒక కాగితంలో ఒకలా, మరో కాగితంలో మరోలా ఉంటేనే ఆగాలి. చివరి ఉద్యోగం ముగిసిన తర్వాతి ఖాళీని మిగతావాటికన్నా జాగ్రత్తగా చూడాలి. చివరి యజమాని నుంచి సిఫారసు లేకపోతే ఎందుకు లేదో అడగాలి. బుండాబర్గ్ ఫైలులో 2001కీ 2003కీ మధ్య ఉన్న దూరం చదవడానికి అంకగణితం చాలు.

పేరు తర్వాత వచ్చే అక్షరాల సంగతి వేరు. ఎం.ఆర్.సి.పి. పరీక్షలు రాసి పొందేది. ఎఫ్.ఆర్.సి.పి. మాత్రం సాధారణంగా ఆ కళాశాల సభ్యులకు, వృత్తిలో పేరు వచ్చాక, ప్రతిపాదన మీద ఇచ్చే గౌరవం. రెండోది పెద్దదిగా కనబడుతుంది, కాని సామర్థ్యాన్ని పరీక్షించింది మొదటిదే. నెలకొక రోజు తరగతికి వెళ్లి తెచ్చుకున్న సర్టిఫికెట్, మూడేళ్లు వార్డులో ఉండి తెచ్చుకున్న డిగ్రీ – లెటర్‌హెడ్ మీద రెండూ ఒకే సైజు అక్షరాల్లో ఉంటాయి. వైద్యుల వృత్తి ప్రవర్తనపై 2002లో వచ్చిన నిబంధనలు గుర్తింపు పొందిన అర్హతలు, వృత్తి పరిజ్ఞానాన్ని సూచించే సభ్యత్వాలు మాత్రమే పేరు పక్కన రాయాలన్నాయి. ఆ పరిమితి ఎంతవరకు పాటిస్తున్నారో మీ వీధిలోని నాలుగు బోర్డులు చూస్తే మీకే తెలుస్తుంది. పరిశీలనలో మీకు అర్థంకాని ప్రతి సంక్షిప్త అక్షరానికీ ఇచ్చిన సంస్థ, వ్యవధి, పరీక్ష ఉందా లేదా అనే మూడు గళ్లు నింపమని అభ్యర్థినే అడగవచ్చు. అడగడానికి సిగ్గుపడకండి.

“సిజేరియన్లు 500 చేశాను” వంటి వాక్యాన్ని ఎలా చదవాలి? సొంతంగా చేసినవెన్ని, సీనియర్ పక్కన సహాయకుడిగా ఉన్నవెన్ని, చూసినవెన్ని? ఎన్నేళ్లలో? చివరిది ఎప్పుడు? పీజీ విద్యార్థులు రాసే లాగ్‌బుక్‌లో ఈ తేడాలు నమోదవుతాయి. బయోడేటాకు వచ్చేసరికి అన్నీ ‘చేశాను’లో కలిసిపోతాయి. ఈ ప్రశ్న కార్యాలయ ఉద్యోగి అడిగేది కాదు, ఇంటర్వ్యూలో సర్జన్ అడగాలి. లాగ్‌బుక్ నకలు జతచేయమని ప్రకటనలోనే రాయించడం మాత్రం మీ పని.

వైద్య కళాశాలల్లో బోధన పోస్టులకు పరిశోధన పత్రాల సంఖ్య చూస్తారు. దీని వెనుక ఒక కథ ఉంది. 2015లో అప్పటి భారత వైద్య మండలి పదోన్నతికి ఏ పత్రాలు లెక్కలోకి వస్తాయో చెబుతూ ఒక వివరణ ఇచ్చింది. నిర్ణీత సూచికల్లో ఉన్న పత్రికలు, మొదటి లేదా రెండో రచయిత మాత్రమే అన్నారు. ఎలక్ట్రానిక్ పత్రికలను లెక్కించబోమన్నారు. వైద్య పత్రికల సంపాదకులే దీన్ని గట్టిగా విమర్శించారు, తర్వాత మార్పులు వచ్చాయి. కాని సంఖ్య కావాలన్న నిబంధన ఉన్నంతకాలం సంఖ్యను అమ్మే పత్రికలు పుడుతూనే ఉంటాయి. డబ్బు కడితే వారంలో అచ్చువేసేవి. పన్నెండు పత్రాలున్న బయోడేటా, రెండు పత్రాలున్న బయోడేటా పక్కపక్కన ఉన్నప్పుడు ఆ రెండింటిని తెరిచి చదివించే ఏర్పాటు మన ఎంపిక కమిటీల్లో ఉందా?

8.6 మన మార్కుల పద్ధతి

ఇక మన దగ్గరికి వద్దాం. తెలంగాణలో వైద్య ఆరోగ్య సేవల నియామక బోర్డు 2022లో 969 సివిల్ అసిస్టెంట్ సర్జన్ పోస్టులకు ప్రకటన ఇచ్చింది. మొత్తం 100 పాయింట్లు. అర్హత పరీక్షలో వచ్చిన మార్కుల శాతానికి 80. రాష్ట్ర ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఒప్పంద, అవుట్‌సోర్సింగ్ సేవకు 20. గిరిజన ప్రాంతంలో పనిచేసిన ప్రతి ఆరు నెలలకు 2.5, ఇతర ప్రాంతాల్లో 2. ఆంధ్రప్రదేశ్‌లో జిల్లా స్థాయి ఒప్పంద నియామకాల ప్రకటనల్లో కనిపించే లెక్క మరోలా ఉంటుంది. మార్కులకు 75, ఒప్పంద సేవకు 15, అర్హత పొందిన తర్వాత గడిచిన ప్రతి పూర్తి సంవత్సరానికి ఒకటి చొప్పున గరిష్ఠంగా 10.

ఈ పద్ధతిని తేలిగ్గా తీసిపారేయకూడదు. అందరికీ ఒకే లెక్క. ఎవరికి వారు ఇంట్లో కూర్చొని తమ పాయింట్లు లెక్కవేసుకోవచ్చు. జాబితా బయటపెడితే అభ్యంతరం చెప్పవచ్చు. ‘ఎవరి మనిషి’ అనే ప్రశ్నకు తావు తగ్గుతుంది. మన సమాజంలో ఇది చిన్న విజయం కాదు. ఇంటర్వ్యూకు మార్కులు పెడితే ఏం జరుగుతుందో మీకు తెలుసు. గిరిజన ప్రాంత సేవకు ఎక్కువ పాయింట్లు ఇవ్వడంలో ఒక విలువ కూడా ఉంది. ఏజెన్సీలో డ్యూటీ చేసిన ఆరు నెలలను నగరంలోని ఆరు నెలలకన్నా ఎక్కువగా చూడటం న్యాయం.

అయినా ఈ లెక్కను బుండాబర్గ్ ఫైలు పక్కన పెట్టి చూడండి. మార్కుల శాతం ఆ డాక్టరు పాతికేళ్ల వయసులో ఏం చదివారో చెబుతుంది. సేవా కాలం ఎన్ని నెలలు హాజరుపట్టీలో ఉన్నారో చెబుతుంది. అక్కడ ఏం చేశారు, ఎలా చేశారు, అక్కడ నుంచి ఎందుకు వెళ్లారు అనేవాటికి గడి లేదు. ఆంధ్రప్రదేశ్ లెక్కలోని 10 మార్కులు మరీ ఆలోచింపజేస్తాయి. సీనియారిటీని, ఎంతోకాలం ఉద్యోగం కోసం ఎదురుచూసినవారిని గుర్తించాలన్నది దాని ఉద్దేశం కావచ్చు, అది మంచి ఉద్దేశమే. కాని గడిచిన ఏళ్లలో ప్రాక్టీసు చేశారా, వదిలేశారా అని ఆ లెక్క అడగదు. పక్క దేశాల్లో సంజాయిషీ అడిగే ఖాళీకి ఇక్కడ ఏడాదికి ఒక మార్కు వస్తోంది. ఎనిమిదేళ్లుగా స్టెతస్కోపు ముట్టుకోని డాక్టరుకూ, ఎనిమిదేళ్లు ప్రసూతి వార్డులో రాత్రి డ్యూటీలు చేసిన డాక్టరుకూ ఆ గడిలో వచ్చేది ఒకటే.

దీనికి పరిష్కారం ఇంటర్వ్యూ మార్కులు తిరిగి తేవడం అని నేను అనుకోవడం లేదు. పాయింట్లతో జాబితా తయారుచేయడం ఒక పని. ఆ జాబితాలో పైన ఉన్నవారి రిజిస్ట్రేషన్, క్రమశిక్షణ చరిత్ర, చివరి ఉద్యోగం ముగిసిన కారణం మూలం దగ్గర అడిగి తెలుసుకోవడం వేరొక పని. రెండో పనికి మార్కులు ఉండవు, ఉన్నది ‘సరే’ లేదా ‘ఆగండి’ మాత్రమే. మన ధ్రువపత్రాల పరిశీలన రోజున జరిగేది అసలు ప్రతులు చూపించడం, నకళ్లతో పోల్చడం, సంతకం పెట్టడం. ఒక హాలులో వందల మంది క్యూలో ఉన్నప్పుడు ఒక్కొక్క ఫైలుకు దక్కే నిమిషాలు ఎన్నో పరిశీలనకు వెళ్లినవారెవరైనా చెప్పగలరు. ఆ హాలులో టేబులు వెనుక కూర్చునేది మీలాంటివారే.

8.7 అభ్యాసం

కింది బయోడేటా సారాంశాన్ని చదవండి. ఇది అభ్యాసం కోసం కల్పించినది. ఒక జిల్లా ఆసుపత్రిలో జనరల్ సర్జన్ పోస్టుకు 2024 జూన్‌లో వచ్చిన దరఖాస్తు అనుకోండి.

ఎం.బి.బి.ఎస్., ఇంటర్న్‌షిప్ పూర్తి: 2016 మార్చి, కర్ణాటక. 2016–2018: వివరాలు లేవు. ఎం.ఎస్. జనరల్ సర్జరీ: 2018–2021. సీనియర్ రెసిడెంట్, ప్రైవేటు వైద్య కళాశాల: 2021–2022. కన్సల్టెంట్ సర్జన్, హైదరాబాద్‌లో ప్రైవేటు ఆసుపత్రి: 2022 ఆగస్టు – 2023 డిసెంబరు. లాప్రోస్కోపిక్ పిత్తాశయ ఆపరేషన్లు: 400. పరిశోధన పత్రాలు: 9. సిఫారసులు: ముగ్గురు, అందరూ పీజీ చేసిన కళాశాల ఆచార్యులు. జతపరచినవి: 7. ఫైలులో ఉన్నవి: 6. మండలి వెబ్‌సైట్‌లో ఎం.బి.బి.ఎస్. నమోదు కనిపించింది, ఎం.ఎస్. నమోదు కనిపించలేదు.

1. ఈ దరఖాస్తులో రెండు ఖాళీలున్నాయి. ఒకటి రెండేళ్లకు పైబడినది, మరొకటి ఐదారు నెలలది. మీరు మొదట దేని గురించి అడుగుతారు? ఎందుకు?
2. ఎం.ఎస్. నమోదు కనిపించకపోవడానికి మోసం కాని కారణాలు ఏవి ఉండవచ్చు? దాన్ని తేల్చడానికి ఏ కార్యాలయానికి రాస్తారు?
3. ఆసుపత్రిలో సర్జన్ లేక మూడు నెలలుగా ఆపరేషన్లు ఆగిపోయాయనీ, సోమవారమే ఉత్తర్వు ఇవ్వాలనీ సూపరింటెండెంట్ గారు అంటున్నారు. ఏడో పత్రం గురించి ఆయనకు ఒక పేజీకి మించకుండా నోట్ రాయండి.